ఆ సూది ఎన్ని గంటలకు వేశారు?

2017 మార్చి. పెన్నా కింద వరికోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. విడవలూరు నుంచి కోవూరు వచ్చే రోడ్డులో మునిమాపు వేళ మా తమ్ముడు బండి మీద వస్తున్నాడు. ముందు వరిగడ్డి వేసుకున్న ట్రాక్టరు. ట్రక్కు వెనక ఎర్ర లైటు లేదు, మెరిసే స్టిక్కరు లేదు, గడ్డి రెండు పక్కలా రోడ్డు మీదికి పొంగి ఉంది. ఎదురుగా వచ్చిన లారీ వెలుగుకు వాడికి కళ్లు బైర్లు కమ్మాయి. దగ్గరికి వచ్చేదాకా ట్రక్కు కనపడలేదు. తప్పించబోయి పక్కనున్న పంటకాలవలోకి పోయాడు. బండి కాలి మీద పడింది. మోకాలి కింది ఎముక విరిగి, తోలు చీల్చుకుని బయటికి వచ్చి, కాలవ బురదలో గుచ్చుకుంది.

వాడు ముందు ఫోన్ చేసింది నాకే. 6:42. "అక్కా, కాలు ఇరిగింది. ఎముక కనపడతా ఉంది" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. ఆ మామూలు గొంతే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఎవరో పుణ్యాత్ములు ఆటోలో ఎక్కించి దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకుపోయారు. అక్కడ కాలు పైపైన తుడిచి, ఎముకను లోపలికి నెట్టి, గాయానికి ఎనిమిది కుట్లు వేశారు. కాలి వెనక పిండికట్టు పెట్టి, టీటీ సూది, నొప్పి సూది వేశారు. "రక్తం ఆగింది, కంగారేం లేదు, పొద్దున్నే నెల్లూరు తీసుకుపోండి" అన్నారు. కుట్లు చూసి మా వాళ్లకు ధైర్యం వచ్చింది. గాయం మూసుకుంది కదా అనుకున్నారు. నాయన కట్టు కట్టించడానికి పుత్తూరు పోదామన్నాడు, మామ వద్దన్నాడు. నేను కావలి నుంచి వచ్చేసరికి తొమ్మిదిన్నర, ఇంకా అదే మాట నడుస్తోంది. నెల్లూరులో ఎముకల డాక్టరున్న ఆసుపత్రిలో చేర్చేసరికి అర్ధరాత్రి దాటింది. యాంటిబయాటిక్ మొదటి డోసు వేసిన టైము కేస్ షీటులో ఉంది: 1:10.

ఆరున్నర గంటలు.

నేను హైస్కూల్లో బయాలజీ చెప్పే టీచర్ని, డాక్టర్ని కాదు. తమ్ముడితో పాటు మూడేళ్లు ఆసుపత్రి వరండాల్లో కూర్చుని, దొరికిన ప్రతి డాక్టరునూ అడిగి, ఇంటికి వచ్చి చదువుకుని తెలుసుకున్న సంగతులు రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. ఎముక తోలు చీల్చుకుని బయటికి వస్తే, ఆ మనిషి మొదట ఏ గడప తొక్కుతాడో ఆ గడపలోనే యాంటిబయాటిక్ సూది పడాలి. అది పీహెచ్‌సీ కావచ్చు, ఏరియా ఆసుపత్రి కావచ్చు, రోడ్డు పక్క నర్సింగ్ హోమ్ కావచ్చు. పెద్ద ఆసుపత్రికి పంపే కాగితం రాయకముందే పడాలి. ఎన్ని గంటలకు పడిందో ఆ కాగితం మీద ఉండాలి.

మన దగ్గర ప్రమాదం కబురు వినగానే వచ్చే ప్రశ్నలు వేరు. ఏ ఆసుపత్రికి తీసుకుపోయారు, ఏ డాక్టరు చేశాడు, స్టీలు రాడ్డా టైటానియమా, ఎంతయింది. సూది ఎన్ని గంటలకు వేశారని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. అప్పటికి ఆ సంగతి నాకు తెలియదు.

తోలు చిట్లకుండా విరిగిన ఎముక లోపల శుభ్రంగానే ఉంటుంది. తోలు చిట్లిందంటే మట్టి, పేడ, బట్ట పోగులు, మన తోలు మీద ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులు అన్నీ ఎముక దాకా పోతాయి. మోకాలి కింది ఎముక, డాక్టర్లు టిబియా అంటారు, దాని ముందు భాగం మీద కండ ఉండదు, తోలు మాత్రమే. చేత్తో తడిమితే తెలుస్తుంది. అందుకే బైకు ప్రమాదాల్లో అది అంత తేలిగ్గా బయటికి వస్తుంది. కండ లేదు కాబట్టి రక్తం సరఫరా తక్కువ, రక్తం తక్కువైన చోట చీముతో పోరాడే శక్తీ తక్కువే. 1976లో గస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు సర్జన్లు ఇలాంటి గాయాలను మూడు రకాలుగా విడదీశారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ లెక్కే వాడుతున్నారు. చిన్న రంధ్రం పడిన మొదటి రకంలో చీము పట్టేది నూటికి ఇద్దరికి మించదు. కండ నలిగి, మట్టి దూరిన మూడో రకంలో అది పది నుంచి యాభై దాకా పోతుంది. మా తమ్ముడిది మూడో రకం.

గాయానికి చీము పట్టకుండా అడ్డుకోవడంలో పేరు పొందిన తొలి విజయాల్లో ఒకటి ఇలాంటి ఒక కాలుదే. 1865 ఆగస్టులో గ్లాస్గో ఊళ్లో జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ల పిల్లవాడి కాలి మీదుగా బండి చక్రం పోయి, టిబియా విరిగి గాయమైంది. ఆ కాలంలో ఇలాంటి గాయానికి చాలాసార్లు కాలు తీసేసేవాళ్లు, తీయకపోతే చీము పట్టి ప్రాణం పోయేది. జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ ఆ గాయం మీద వేసి కట్టు కట్టాడు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది, పిల్లవాడు నడిచి ఇంటికి పోయాడు. లిస్టర్ దగ్గర ఎక్స్‌రే లేదు, రాడ్డు లేదు, ప్లేటు లేదు. సూక్ష్మజీవులకు దారి మూయాలన్న ఆలోచన ఉంది, దాన్ని ఆలస్యం లేకుండా చేశాడు. తమ్ముడి వార్డులో కూర్చుని ఇది చదివినప్పుడు, నూటయాభై ఏళ్ల తర్వాత మా వాడికి జరిగింది తలుచుకుని చాలా బాధపడ్డాను.

యాంటిబయాటిక్ సంగతి కూడా కొత్తది కాదు. 1974లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎముక బయటికొచ్చిన వాళ్లకు యాంటిబయాటిక్ ఇవ్వని గుంపులో నూటికి దాదాపు 14 మందికి చీము పట్టింది. సెఫలోథిన్ అనే మందు ఇచ్చిన గుంపులో నూటికి ఇద్దరికే. 2015లో అమెరికాలో మూడో రకం టిబియా గాయాలున్న 137 మందిని పరిశీలిస్తే, మొదటి డోసు 66 నిమిషాలు దాటి పడ్డవాళ్లలో చీము ఎక్కువ కనిపించింది. బ్రిటన్‌లో గంటలోపు వేయాలని నియమం పెట్టుకున్నారు. ఎక్కువగా వాడే సెఫజోలిన్ మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. అరుదైన మందేమీ కాదు. గాయం పెద్దదైతే, పొలం మట్టి, పేడ కలిస్తే దానికి తోడు ఇంకో మందు కలుపుతారు, అది డాక్టరు చూసుకుంటాడు.

మా వాడి కాలు చెడింది ఆ ఆరున్నర గంటల వల్లే అని ఏ డాక్టరూ రాసివ్వడు. నేనూ అలా అనను. బురద ఉంది, కండ నలిగింది, కుట్లు వేశారు. కానీ వీటన్నిటిలో అన్నిటికంటే తేలిగ్గా మన చేతిలో ఉన్నది టైము.

కుట్ల సంగతి చెప్పాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చేది అక్కడే. మురికి పడిన గాయాన్ని కడగకుండా మూస్తే మురికిని లోపల పెట్టి తాళం వేసినట్టు. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చి గాయాన్ని ఇంకా వెడల్పు చేసి, లోపల ప్రతి మూలా వెతికి, చచ్చిన కండను కోసి తీసేయాలి. కోస్తే రక్తం రాని కండ, పట్టుకారుతో గిల్లితే ముడుచుకోని కండ చచ్చినట్టే. ఊడిపోయి రక్తం అందని ఎముక ముక్కలు కూడా తీసేయాలి. తర్వాత సెలైన్‌తో కడగాలి, మూడు లీటర్లు, ఆరు, పెద్ద గాయమైతే తొమ్మిది లీటర్ల దాకా. ఇందుకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో రెండున్నర వేల మంది మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వచ్చింది. సబ్బు నీళ్లతో కడిగిన వాళ్లకే మళ్లీ ఆపరేషన్ చేయాల్సిన అవసరం ఎక్కువ పడింది. ఎంత ఒత్తిడితో చిమ్మినా తేడా రాలేదు. ఎత్తులో వేలాడదీసిన మామూలు సెలైన్ సీసా చాలు. ఓపిక కావాలి.

కడగడం ఆరు గంటల్లో జరిగి తీరాలని ఒకప్పుడు అనేవాళ్లు. అది అంత గట్టి లెక్క కాదని తర్వాత తేలింది. బాగా తెలిసిన సర్జన్ చేత, కాస్త ఆలస్యమైనా ఒక రోజులోపు, సరిగ్గా కడిగించడం మేలు అంటున్నారు ఇప్పుడు. అందుకే మొదటి సూది ఇంత ముఖ్యం. సర్జన్ దాకా పోయే దారంతా కాపలా కాసేది అదే. మార్కాపురం నుంచి, గిద్దలూరు నుంచి ఒంగోలు రావాలంటే ఎంతసేపు పడుతుందో అక్కడివాళ్లకు తెలుసు. ఉదయగిరి నుంచి నెల్లూరు కూడా అంతే.

నాలుగో రోజుకి కుట్ల మధ్య నుంచి చీము కారింది. ఆ తర్వాత జరిగినవి వరసగా రాయలేను. బయట నుంచి రాడ్లు, కడగడం, మళ్లీ కడగడం, తొడ నుంచి తోలు తీసి అతికించడం. ఏడాదికి ఎముకకు ప్లేటు వేశారు, రెండు నెలలకు ప్లేటు పక్క నుంచి చిన్న రంధ్రం పడి రసి కారడం మొదలైంది. "యాంటిబయాటిక్ ఇన్ని వారాలు వాడితే ఎందుకు తగ్గదు?" అని సర్జన్‌ను అడిగాను. "మీ ఇంటి నీళ్ల తొట్టిలో పాచి పట్టి ఉంటుంది కదమ్మా, నీళ్లు మార్చినంత మాత్రాన పోతుందా? గీకాలి" అన్నారాయన. ఇన్నేళ్లు పిల్లలకు బాక్టీరియా పాఠం చెప్పాను, అది ఇంత తేటగా నాకెప్పుడూ అర్థం కాలేదు. లోహం మీదా, చచ్చిన ఎముక మీదా సూక్ష్మజీవులు జిగురులాంటి పొర కట్టుకుని అందులో దాక్కుంటాయి. మందు ఆ పొర దాటి లోపలికి సరిగా పోలేదు. దాక్కున్నవి నెమ్మదిగా బతుకుతుంటాయి కాబట్టి చేరిన మందుకీ లొంగవు. ఆ పొర కట్టుకోకముందే, మొదటి గంటల్లోనే కొట్టాలి. ఆ తర్వాత కోసి తీయడమే.

కోసి తీశారు. ఆరు సెంటీమీటర్ల ఎముక చచ్చిపోయిందని తీసేశారు. కాలికి రింగులు వేశారు. సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్లో ఇలిజరోవ్ అనే డాక్టరు, యుద్ధంలో కాళ్లు చెడి చీము కారుతూ తిరిగే సైనికులకు చికిత్స చేస్తూ ఈ పద్ధతి తయారు చేశాడు. ఎముకను మంచి చోట కోసి, ఆ ముక్కను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుకుంటూ పోతే, వెనక ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. మిల్లీమీటరు ఒక్కసారిగా కాదు, పావు పావుగా నాలుగుసార్లు. ఆ నట్లు తిప్పే పని మా మరదలిది. పొద్దున ఆరుకి, పన్నెండుకి, సాయంత్రం ఆరుకి, రాత్రి పడుకునేముందు. పది నంబరు స్పానరు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే వచ్చి తిప్పిపోయేది. అరవై రోజులు. ఒక్క పూట కూడా తప్పలేదు, గోడ మీద క్యాలెండర్లో గీతలు పెట్టుకుంది. తర్వాత కొత్త ఎముక గట్టిపడేదాకా రింగులతోనే ఇంకో తొమ్మిది నెలలు. తీగలు తోలులోకి దిగిన ప్రతి చోటా రోజూ శుభ్రం చేయాలి. మధ్యలో ఒక రాత్రి వాడు నన్ను అడిగాడు, "అక్కా, ఇంత చేశాక కాలుంటాదా?" అని. ఉంటాదిరా అన్నాను. నాకు తెలిసి కాదు.

కాలు ఉంది. సెంటీమీటరున్నర పొట్టి. చెప్పు కింద అంత మందం అట్ట వేయించుకుని నడుస్తాడు. మూడేళ్లు పొలం కౌలుకిచ్చారు, మరదలి గాజులు పోయాయి, నాయన ఒకేసారి ముసలివాడయ్యాడు.

పీహెచ్‌సీలో మొదటి డోసు వేయమంటే వచ్చే అభ్యంతరాలు నేను విన్నాను. యాంటిబయాటిక్ కనపడిన చోటల్లా వాడితే రేపు ఏ మందూ పనిచేయదు అంటారు. నిజమే, జలుబుకి కూడా యాంటిబయాటిక్ రాసే అలవాటు మీద నాకూ కోపం ఉంది. కానీ ఈ గాయానికి మందు ముందే పడితే ఒకటి నుంచి మూడు రోజులతో అయిపోతుంది. మా వాడికి ఆలస్యంగా మొదలై, మూడేళ్లలో మొత్తం కలిపి ఎన్ని నెలలు యాంటిబయాటిక్ ఎక్కిందో నేను లెక్కపెట్టలేదు. మందు దుబారా ఏది?

ఇంకో మాట, పీహెచ్‌సీ డాక్టరుకి భయం అని. ప్రమాదం కేసు, పోలీసులు, డబ్బు ఎవరు కడతారు. అత్యవసరంగా వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలని సుప్రీం కోర్టు 1989లోనే చెప్పింది. తీసుకువచ్చిన వాళ్లను వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో కొత్త సెక్షన్ పెట్టారు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజులపాటు లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స ఉంది. 108 మన రాష్ట్రంలో 2005 నుంచి తిరుగుతోంది. ఇన్ని ఉన్నాయి. వీటి మధ్య ఒక్క సూదికి చోటు దొరకదా?

పుత్తూరు కట్టు గురించి రాయకపోతే నెల్లూరు వాళ్లు ఊరుకోరు. నేను దాన్ని వెక్కిరించను. మా నాయన చెయ్యి చిన్నప్పుడు అక్కడే అతికింది. కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురు బద్దలు, నమ్మకం. తోలు చిట్లని చిన్న విరుపు కదలకుండా ఉంచితే దానంతట అది అతుక్కుంటుంది, అది శరీరం చేసే పని. కానీ గాయం ఉన్న విరుపు మీద పసరు పెట్టకూడదు. వాచే కాలికి బిగుతుగా కట్టు కడితే లోపల ఒత్తిడి పెరిగి కండ చచ్చిపోతుంది. వేళ్లు మొద్దుబారినా, చల్లబడినా, కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా కట్టు ఎవరు కట్టినా సరే విప్పేసి పరుగెత్తాలి.

ఎముక విరగకుండానే కీలులో చీము పట్టడం ఇంకో సంగతి. మా స్కూల్లో ఆరో తరగతి పిల్లవాడు కబడ్డీలో పడ్డాడు, మూడు రోజులకు జ్వరం వచ్చింది. బెణుకు అని జేజి ఆముదం రాసి తోముతోంది, ఆర్‌ఎంపీ మాత్రలిచ్చాడు. చూడ్డానికి పోతే వాడు కాలు మడిచి బయటికి తిప్పి పెట్టుకుని పడుకున్నాడు, ముట్టుకోనివ్వలేదు, అడుగు కింద పెట్టలేదు. జ్వరం, కాలు మోపలేకపోవడం, రెండూ కలిస్తే పిల్లల్లో అది తుంటి కీలులో చీము కావచ్చని నేను వరండాల్లోనే నేర్చుకున్నాను. ఆ రోజే ఒంగోలు పంపించాం. సూదితో తీస్తే చీమే వచ్చింది, రాత్రికి రాత్రి కీలు తెరిచి కడిగారు. రోజులు గడిస్తే మృదులాస్థి కరిగిపోతుంది, లోపలి ఒత్తిడికి తొడ ఎముక తలకు రక్తం ఆగిపోతుంది, ఆ కుంటితనం జీవితాంతం ఉంటుంది. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కీలులో చీము అనుమానమైతే ముందు ఆ నీరు తీసి పరీక్షకు పంపి, ఆ వెంటనే యాంటిబయాటిక్ మొదలుపెడతారు. తెలిసీ తెలియని మాత్రలు నాలుగు రోజులు మింగిస్తే ఏ సూక్ష్మజీవో పట్టుబడదు. ఆ పిల్లవాడు ఇప్పుడు మళ్లీ కబడ్డీ ఆడుతున్నాడు.

ఒక మంచి కబురు కూడా. ఎముకలో చీముకి వారాల తరబడి నరంలోకి మందు ఎక్కించాల్సిందే అనేవాళ్లు. మా వాడు ఆరు వారాలు చేతికి సూదితో పడుకున్నాడు. బ్రిటన్‌లో 1054 మందితో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. చీము కోసి తీశాక, సరైన మందు ఎంచి మొదటి ఆరు వారాలు మాత్రలుగా ఇచ్చినా ఫలితం తక్కువేమీ కాలేదు. కూలికి పోయే ఇంట్లో ఆరు వారాల మంచం ఎంత ఖర్చో తెలిసినవాళ్లు డాక్టరును ఈ మాట అడగాలి.

రాకుండా చూసుకోవడం గురించి రాయాలంటే నాకు ముందు ట్రాక్టరు ట్రక్కులే కనిపిస్తాయి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించడానికి పది నిమిషాలు పట్టదు. రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టడం మానుకోవాలి. విరిగాక మానేయాల్సింది బీడీ, సిగరెట్టు. పొగాకు మీద బతికే జిల్లాలో ఈ మాట రాయడం కష్టమే, కానీ కాలి ఎముక బయటికొచ్చిన వాళ్లలో పొగ తాగేవాళ్లకు చీము పట్టే ప్రమాదం రెట్టింపు దాటింది. ఎముక అతకడమూ ఆలస్యమే. షుగరు ఉంటే అదుపులో పెట్టుకోవాలి. కనిగిరి, దర్శి, పొదిలి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మన దేశంలో ఆ నీళ్లతో ఎముకలు చెడే ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే, అవి తర్వాత ప్రకాశంలోకి పోయాయి. ఆ ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసు. అది వేరే వ్యాసం అవుతుంది.

మొన్న నవంబరులో బడి వదిలే వేళకు హైవే మలుపులో ఒక కుర్రాడు బైకు మీద నుంచి పడ్డాడు. అదే ఎముక. నా అరచేతి మీద పెన్నుతో 5:20 అని రాసుకుని 108కి ఫోన్ చేశాను. ఎముకను లోపలికి నెట్టబోతున్న ఒకాయన్ని ఆపి, స్కూలు ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని గాజుగుడ్డ గాయం మీద కప్పి, కాలికి రెండు పక్కలా చెక్కలు పెట్టి కట్టాం. అంబులెన్సులో నేనూ ఎక్కాను. దారిలో పీహెచ్‌సీ దగ్గర ఆపించాను.

"మా దగ్గర ఆర్థో లేరు మేడం, ఒంగోలు పోవాల్సిందే" అంది డ్యూటీ డాక్టరమ్మ.

"పోతామండీ. పోయేముందు యాంటిబయాటిక్ వేసి, టైము రాసివ్వండి."

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి, కుర్రాడిని ఏ మందైనా పడదా అని అడిగి, వేసింది. కాగితం మీద రాసింది కూడా.

రాత్రి ఇంటికి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు ఎవరా కుర్రాడని అడగలేదు, ఏ ఆసుపత్రి అనీ అడగలేదు.

"సూది ఎన్ని గంటలకు వేశారక్కా?" అన్నాడు.

"6:05కి."

కాసేపు మాట్లాడలేదు. "సరే అక్కా" అన్నాడు.